అత్తయ్యగారు పుచ్చుకున్న తాంబూలం

"పుచ్చుకున్నాను. ఇంకేం చెయ్యమంటావు? గుమ్మంలో నిలబడి చేతిలో పెడుతుంటే విసిరికొట్టమంటావా?" అంది బుచ్చమ్మ.

నాగమణి ఒళ్ళో పిల్ల పాలు తాగుతూ తాగుతూ వదిలేసి ఏడుపు లంకించుకుంది. రెండోవైపు మార్చి చూసింది. అక్కడా అంతే. నాలుగు గుక్కలు, మళ్ళీ ఏడుపు.

రెండు తమలపాకులు, రెండు వక్కలు, రెండు అరటిపళ్ళు గూట్లో ఇత్తడి పళ్ళెంలో ఉన్నాయి. మంగాయమ్మగారు వచ్చివెళ్ళి గంట కూడా కాలేదు. కోటిపల్లి నుంచి రేవు దాటి, ఆ ఎండలో ఇసకలో పడి నడిచొచ్చి, నాగమణి పెరట్లో పిల్ల గుడ్డలు ఉతుక్కుంటుంటే వీధి గుమ్మంలోనే పని చక్కబెట్టుకుని వెళ్ళిపోయింది.

"మాణిక్యం పెళ్ళీ జ్యేష్ఠ శుద్ధ దశమికేనా అత్తయ్యగారూ?"

"మరి? అది దాటితే మూఢం. అందరూ దానికే పెట్టుకుంటున్నారు. వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?"

"ఆ ముహూర్తానికే మూడు తెరలు ఒప్పుకున్నానండి."

"మూడు కుట్టేదానికి నాలుగోది బరువా?"

నాగమణి గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. మూసుకుంటే రెప్పల లోపల కూడా ఆకుపచ్చ దారమే కనిపిస్తోంది.

పెళ్ళిపీటల మీద జీలకర్రా బెల్లం పెట్టేదాకా పిల్లకీ పిల్లాడికీ మధ్య పట్టే తెరకి ఇదివరకు ఎవరూ ఇంత హడావిడి చేసేవారు కారు. ఇంట్లో ఉతికిన పంచె ఏదుంటే అది పట్టేవారు. రెండేళ్ళ కిందట మంగాయమ్మగారి పెద్దమ్మాయి పెళ్ళికి నాగమణి సరదాకి సాటిను గుడ్డ మీద రెండు చిలకలూ, ఓ మామిడికొమ్మా కుట్టిచ్చింది. ఆ తెర చూసినవాళ్ళు ఊరుకోలేదు. రేవుకి ఈవలా ఆవలా ఇప్పుడు పెళ్ళంటే ముక్తేశ్వరం నాగమణి తెర ఉండాలి.

అడిగిన ప్రతివాళ్ళకీ ఆమె నోట "ఆయ్, అలాగేనండి" అనే మాటే వచ్చేది. కాదందామనుకుని గుమ్మంలోకి వెళ్ళేది. తీరా వాళ్ళు చెయ్యి పట్టుకుని "నువ్వే కుట్టాలమ్మా" అనేసరికి ఆయ్ అనేసి వచ్చేది. ఇప్పుడు చేతిలో ఉన్న మూడూ అలా వచ్చినవే.

"ఇంక కొత్తవి పుచ్చుకోనని కాంతంతో చెప్పేను. మీరూ విన్నారు" అంది మెల్లిగా.

"విన్నాను. మంగాయమ్మా విన్నట్టుంది. అందుకే నిన్ను పిలవద్దు, పని చేసుకోనీ అంది."

"పిలవాల్సిందండి."

"పిలిస్తే?" బుచ్చమ్మ గొంతు పెంచింది. "పిలిస్తే కాదనేదానివా? మొట్టమొదటి తెర కుట్టించుకున్న మనిషిని! నిన్ను నలుగురిలోకీ తెచ్చిన మనిషిని! అయినా ఎప్పుడేనా ఎవర్నేనా కాదన్నావా నువ్వు? నీ బదులు నేను ఆయ్ అన్నాను. అంతేగా."

అది నిజమే.

వీధిలోంచి పక్కింటి కాంతం కేకేసింది. "మణీ! అయిపోయిందే అమ్మా, అయిపోయింది! ఆఖరి రెక్క కూడా నింపేశాను. ఇదిగో, చూసుకో!"

కాంతం సందడి మనిషి. అచ్చు వేసి, గీత కుట్టడం నాగమణి పని. లోపల రంగు నింపడం కాంతం పని. మూడు తెరల్లో మొదటిది ఆవేళ పూర్తయింది.

పూర్తయిన తెరని పెళ్ళిలో పట్టినట్టే ఇద్దరు చెరోవైపూ పట్టుకుంటే, దూరంగా నిలబడి మరొకరు చూడటం ఆ ఇంటి వాడుక. బుచ్చమ్మ మాత్రం ఎప్పుడూ పట్టుకోదు. తెర బయటికి వచ్చిందంటే చేతులు వెనక్కి పెట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడుతుంది. పెళ్ళి గుడ్డ కదా, నేను ముట్టుకోకూడదే అంటుంది.

నాగమణి పిల్లని చాపమీద వేసి ఓ కొస పట్టుకుంది. కాంతం ఓ కొస పట్టుకుంది. సరిగ్గా అప్పుడే నాగమణి భర్త తాతాజీ భోజనానికి వచ్చాడు. తాతాజీ రేవులో లాంచీ నడిపే సరంగు. రెండో ట్రిప్పు దింపేసి, కాళ్ళకి ఇసకతో గుమ్మంలో నిలబడి తెరవంక చూశాడు.

చూసి నవ్వేడు. "ఏంటివి, పోట్లాడుకున్నాయా?"

"ఏవండీ?"

"చిలకలు. అలిగి అటూ ఇటూ తిరిగి కూచున్నట్టున్నాయి."

నాగమణి కొస వదిలేసి ఇవతలికి వచ్చి చూసింది.

రెండు చిలకలూ తోకలు ఆనించుకుని ఉన్నాయి. ఎడమవైపుది ఎడమకి చూస్తోంది. కుడివైపుది కుడికి చూస్తోంది. మధ్యలో మామిడికొమ్మ ఎవరికీ పట్టకుండా నిలబడి ఉంది. ముక్కులకి ఎర్ర దారం, మెడలకి నల్ల దారం, రెక్కల్లో ఒక్క పోగు తేడా లేదు. అంత బాగా కుట్టిన ఎడమొహం పెడమొహం.

ముందు కాంతమే అంది. "నేను అనుకున్నానే మణీ. కొత్త మోస్తరేమో అనుకున్నాను. నువ్వు అచ్చు వేశాక నేనడగడమేంటని ఊరుకున్నాను."

అచ్చుకాగితం ఒకటే. చిలక బొమ్మ గీసి, గీత పొడుగునా సూదితో బెజ్జాలు పొడిచి ఉంటుంది. గుడ్డ మీద పరిచి నీలిమందు పొడి మూట అద్దితే చిలక దిగుతుంది. కాగితం తిరగేసి అద్దితే దాని జత దిగుతుంది. ఏది ముందో, ఏది తిరగేశాకో నాగమణికి నిద్రలో కూడా తెలుసు. అచ్చు వేసిన రోజు మాత్రం పిల్లకి జ్వరం. ఒక చేత్తో పిల్లని భుజాన వేసుకుని ఒక చేత్తో అద్దింది. ఎడమకి వెయ్యాల్సింది కుడికి, కుడికి వెయ్యాల్సింది ఎడమకి. ఆ తరవాత ఎనిమిది రోజులు ఆ గీతల మీదే కుట్టింది. ఎనిమిది రోజులూ కళ్ళెదుటే ఉంది. కనిపించలేదు.

"తీసేయ్" అంది బుచ్చమ్మ గుమ్మంలోంచే. గొంతు మారిపోయింది. "ఒక్క పోగు ఉండకూడదు. పీటల మీద పిల్లలు తలెత్తి చూసేది మొదట దాన్నే."

"తీస్తే సాటిను నిండా సూది బెజ్జాలు కనిపిస్తాయి పిన్నిగారూ" అంది కాంతం. "కొత్త గుడ్డ వెయ్యాల్సిందే."

"అంటే మళ్ళీ మొదటికొచ్చిందన్నమాట" అన్నాడు తాతాజీ.

అప్పుడు నాగమణి ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి. చాపమీద పిల్ల పక్కన కూర్చుని కాగితం చుట్ట విప్పింది, మళ్ళీ చుట్టింది.

"ముహూర్తానికి పద్ధెనిమిది రోజులుంది" అంది ఎవరితోనూ కాకుండా. "ఒక్కోదానికి పది రోజులు. రెండు సగంలో ఉన్నాయి. ఇది మొదట్నించి కుట్టాలి. అవే అవుతాయో లేదో. నాలుగోది అవదు. ఎలా లెక్కేసినా అవదు."

తాతాజీ కాళ్ళు కడుక్కుని వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. రెండు ముద్దలు తిని, గూట్లో పళ్ళెం చూసి, సంగతి అడిగి తెలుసుకుని అన్నాడు. "అమ్మా, ఆ ఆకులు తిరిగిచ్చేద్దాం. మూడో ట్రిప్పులో నేనే పట్టుకెళ్ళి ఇచ్చేస్తాను."

బుచ్చమ్మ మజ్జిగ పోస్తోంది. పోస్తున్నది ఆపలేదు. అన్నం మునిగింది, కంచం నిండింది, అంచు దాటి నేల మీదికి కారింది.

"అమ్మా!"

"ఆ" అంది బుచ్చమ్మ. చెంబు దింపేసి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం తినలేదు.

తాతాజీ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆకులు గూట్లోనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్న బుచ్చమ్మ నూతి దగ్గర కాళ్ళు చాపుకుని, కాళ్ళమీద పిల్లని బోర్లా పడుకోబెట్టి నూనె రాస్తోంది. నాగమణి పక్కన వేణ్ణీళ్ళ బిందె పెట్టి నిలబడింది.

"మెడ కింద చూశారా అత్తయ్యగారూ? చెమటకాయలు. నిన్నటికంటే ఎక్కువయ్యేయి."

"అందరు పిల్లలకీ పేలతాయి. ఇది ఎండ."

"తూకం కూడా తగ్గినట్టుంది. ఎత్తుకుంటే తెలుస్తోంది."

"నువ్వు తగ్గేవు. నీ తూకం చూసుకో ముందు."

బుచ్చమ్మ సున్నిపిండి పెట్టి పిల్ల వీపు రుద్దింది. చాలాసేపు రుద్దింది. పిల్ల ఆ చేతుల కింద ఏడుపు మాని, కళ్ళు అరమోడ్చి, చప్పరింపులు మొదలుపెట్టింది. ఆ పిల్ల పొద్దంతా ఉండేది ఆ చేతుల్లోనే. ఆ చేతులు లేకపోతే ఒక్క తెర కూడా అయ్యేది కాదు.

"మీ మావగారు పోయి పదకొండేళ్ళు" అంది బుచ్చమ్మ పిల్లని తిప్పుతూ.

నాగమణి చెంబు పట్టుకుని ఆగింది.

"పేరంటాలకి నువ్వు వెళ్తావు. తాంబూలం కొంగున కట్టుకొస్తావు. శెనగలు నా చేతిలో పోస్తావు, నేను తింటాను. అంతే. దాన్లో తప్పేం లేదు, అందరిళ్ళల్లోనూ అంతే." పిల్ల మోచేతి మడతలు రుద్దింది. "నిన్న ఆవిడ పుచ్చుకో వదినా అంది. వదినా అంది నన్ను. కుంకుమ భరిణె ముట్టించలేదులే, అంత బుద్ధి ఉందావిడకి. ఆకూ వక్కా మాత్రం చేతిలోకి చాపింది. నా చెయ్యి దానంతటదే వెళ్ళిపోయిందే. నీ సంగతి నాకు గుర్తే రాలేదు."

"అత్తయ్యగారూ..."

"నీళ్ళు పొయ్యి. చల్లారిపోతున్నాయి."

నాగమణి నీళ్ళు పోసింది. చెంబు చెంబుకీ మధ్య ఏదో అనాలనుకుంది. మంగాయమ్మగారు ఆ చేతిని చూసే ఆకులు చాపిందేమో అనిపించింది. కోడలు కాదంటుందని తెలిసే అత్త దగ్గరికి వచ్చిందేమో. ఆ మాట ఇప్పుడు ఈవిడతో ఎలా అనడం?

పిల్లని తుడిచి, సాంబ్రాణి వేసి, చుక్క పెట్టి, తలకి గుడ్డ చుట్టింది. తను జడ బిగించుకుంది.

"ఎక్కడికే?"

"కోటిపల్లి వెళ్ళొస్తానండి."

బుచ్చమ్మ గూటివంక చూసింది. నాగమణి గూటి దగ్గరికి వెళ్ళలేదు. ఖాళీ చేతుల్తో, పిల్లని ఎత్తుకుని గుమ్మం దిగింది. బుచ్చమ్మ వెనకాలే గుమ్మందాకా వచ్చింది.

వేసంగి గోదారి. నీళ్ళు ఎక్కడో పోయి, ఇసక తిన్నెలు మిగిలాయి. లాంచీదాకా నడిచేసరికి అరికాళ్ళు మండిపోయాయి. తాతాజీ పైనుంచి చెయ్యందించి ఎక్కించాడు.

"నన్ను పట్టుకెళ్ళనిస్తే సరిపోయేదిగా" అన్నాడు.

"మీరు వెళ్తే ఆకులు పట్టుకెళ్ళేవారు."

"మరి నువ్వు?"

"నేను మాటే పట్టుకెళ్తున్నాను."

తాతాజీకి అర్థమయిందో లేదో, చుక్కాని దగ్గరికి వెళ్ళిపోయాడు. నాగమణి బల్లమీద కూచుని, పిల్ల మొహానికి పైట అడ్డం పెట్టి, లోలోపల అనుకుంటూ కూచుంది. కుట్టలేనండి. నేను కుట్టలేనండి. ఈసారికి నేను కుట్టలేనండి మంగాయమ్మగారూ. అవతలి రేవు వచ్చేదాకా అన్ని రకాలుగానూ అనుకుంది.

మంగాయమ్మగారి ఇంట్లో పెళ్ళి అప్పడాలు ఒత్తుతున్నారు. హాల్లో ఎనిమిది మంది ఆడవాళ్ళు పీటలు వేసుకుని కూర్చున్నారు. పెళ్ళికూతురు మాణిక్యం వసారాలో మంచాల మీద తడి అప్పడాలు ఆరేస్తోంది.

"అదిగో, మా తెర మణి వచ్చింది!" మంగాయమ్మ చేతులు దులుపుకుంటూ లేచింది. "రా అమ్మా రా. పిల్లని ఇలా తే. చిక్కిందే! గుడ్డ కొనిపించాను, చూద్దువుగాని. ఆకుపచ్చ సాటిను. బాగుంటుంది కదా?"

"ఆయ్" అంది నాగమణి.

"అంచుకి అద్దాలు వెయ్యగలవా?"

"ఆయ్..."

రెండుసార్లు అనేశాక తన నోరు తనకే వినబడింది. పిల్లని మంగాయమ్మ చేతిలోంచి మళ్ళీ తీసుకుని గుండెకి ఆనించుకుంది.

"నేను కుట్టలేనండి మంగాయమ్మగారూ."

అప్పడాల కర్రలు ఆగేయి.

"ఏమన్నావు?"

"ఈ తెర నేను కుట్టలేనండి. మూడు చేతిలో ఉన్నాయి. నిన్న ఒకటి పాడుచేశాను. చిలకలు వెనక్కి తిరిగిపోయేయి. ఎనిమిది రోజులు కుట్టి కూడా చూసుకోలేకపోయాను. మీ మాణిక్యం తెర నేనలా కుట్టకూడదండి. చేస్తే బాగా చెయ్యాలి. బాగా చెయ్యలేను. అందుకని చెయ్యను."

అంత పొడుగు మాట ఆమె ఎన్నడూ ఎవరితోనూ అనలేదు.

మంగాయమ్మ నవ్వబోయి మానేసింది. "తాంబూలం పుచ్చుకున్నాక ఇప్పుడా చెప్పడం? ఏదీ, నా ఆకులు తెచ్చేవా?"

"లేదండి."

"అంటే ఆకులుంచుకుని పని చెయ్యనంటావు! బాగుంది. చాలా బాగుంది."

"పని నాదండి. ఆకులు మీరు నాకివ్వలేదు, మా అత్తయ్యగారికిచ్చేరు. పదకొండేళ్ళుగా ఆవిడ చేతిలో ఎవరూ ఆకు పెట్టలేదండి. మీరు పెట్టేరు. వదినా అన్నారు. అది తెర కోసం అన్నారో, ఆవిడ కోసం అన్నారో నాకు తెలీదు. ఆవిడ కోసమే అనుకుని గూట్లో దాచుకుంది. దాన్ని నేనెలా పట్టుకురానండి?"

అప్పడాలు ఒత్తేవాళ్ళల్లో ఓ మూలనున్న ముసలావిడ తెల్లచీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మాణిక్యం ఆరేస్తున్న అప్పడం చేతిలోనే మడత పడిపోయింది.

మంగాయమ్మ చెంపలు ఎర్రబడ్డాయి. నలుగురిలో ఆ మాట అనకుండా ఉండాల్సిందని నాగమణికి అప్పుడు తోచింది.

"మొదటి తెర నాకు కుట్టినప్పుడు నీకు నోట్లోంచి మాట వచ్చేది కాదు" అంది మంగాయమ్మ చివరికి. "ఇప్పుడు బానే వస్తోంది. సంతోషం. నీతో నాకు మాటలొద్దు. పుచ్చుకున్న చెయ్యి బుచ్చమ్మది. కుట్టిస్తుందా, లేదా ఆవిడే చెప్పాలి. లేదంటే ఆవిడ చేత్తోనే నా ఆకులు నా చేతిలో పెట్టమను. నీ తరవాత లాంచీకి నేనే వస్తాను. వీళ్ళనీ తీసుకొస్తాను, సాక్ష్యానికి."

"అమ్మా, వద్దే" అంది మాణిక్యం.

"నువ్వు ఆరెయ్యి."

తిరుగు లాంచీలో పిల్ల పాలు తాగింది. ఏడవకుండా, వదలకుండా తాగి నిద్రపోయింది. నాగమణి మాత్రం ఆ సంతోషం కూడా సరిగ్గా పడలేకపోయింది. కాదనడం వచ్చింది సరే, తన మీద పడాల్సింది తీసుకెళ్ళి అత్తగారి మీద పడేసి వస్తోంది. ముందుగా చెప్పాలి. ఎలా చెప్పాలి? వాళ్ళొచ్చేలోపు ఆ ఆకులు పక్కింట్లో పెట్టమనాలా? రెండు రోజులు ద్రాక్షారామం వెళ్ళమనాలా? ఇసకలో నడుస్తూ ఎన్నో అనుకుంది. ఒక్కటీ తిన్నగా లేదు.

వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని లోపలికి వెళ్ళింది. చూపు ముందు గూటి మీదికే పోయింది.

పళ్ళెం ఖాళీగా ఉంది.

"అత్తయ్యగారూ!"

పలకలేదు. పెరట్లోకి వెళ్ళింది. నూతి చప్టా మీద గోడకి జారబడి కూచుంది బుచ్చమ్మ. పక్కన రెండు అరటితొక్కలు. ఓ ఆకు ముక్కలో కాస్త సున్నం. కోడల్ని చూసి లేవలేదు. నోరు తెరిచి నవ్వింది. పళ్ళూ, నాలికా, పెదాలూ ఎర్రగా పండి ఉన్నాయి.

"సున్నం కాంతాన్నడిగేను" అంది. "నేను వేసుకోడానికని చెప్పలేదులే."

నాగమణి చూపు అరటితొక్కల మీద పడింది.

"వాడిపోతున్నాయే. రేపటికి పారెయ్యాల్సొచ్చేది. నువ్వు అటు వెళ్ళేక చాలాసేపు చూశాను వాటివంక. వాడొచ్చి పట్టుకుపోతాడేమోనని భయం, నువ్వు మనసు మార్చుకుని వెనక్కొస్తావేమోనని భయం. తినేశాను. ఇంక తిరిగిచ్చెయ్యమని ఎవరూ అనలేరు." దవడలో ఉన్నది మెల్లిగా నమిలింది. "పదకొండేళ్ళయినా నాలిక మర్చిపోలేదే. వక్క మాత్రం దంచి వేసుకోవాల్సొచ్చింది."

పిల్ల నిద్దట్లో కదిలింది. నాగమణి జో కొట్టింది.

"అది సరే" అంది బుచ్చమ్మ. "నువ్వక్కడ ఏమన్నావు? కుట్టనన్నావా, ఆయ్ అనేసి వచ్చేవా?"

రేవువైపునుంచి లాంచీ కూత వినిపించింది.

"ఇదేంటి, ఇప్పుడే కదా నువ్వు దిగేవు. మళ్ళీ ఇంత తొందరగా ఎవర్ని తెస్తున్నాడు వాడు?"

"మంగాయమ్మగారు వస్తోందండి" అంది నాగమణి. "నలుగుర్ని వెంటబెట్టుకుని వస్తోంది. మీ దగ్గరికే."

బుచ్చమ్మ నవ్వు ఆగిపోయింది. పైటచెంగు తీసుకుని మూతి తుడుచుకుంది. ఎరుపు పోలేదు. చేద లాగి, నీళ్ళు పుక్కిలించి, మళ్ళీ తుడుచుకుంది. తెల్లచెంగు ఎర్రబడింది కానీ పెదాలు అలాగే ఉన్నాయి.

"మణీ" అంది. ఎప్పుడూ అమ్మాయ్ అనే మనిషి. "బాగా కనిపిస్తోందా?"